దగ్గు దాచుకొనవద్దు, కిటికీ మూయవద్దు

(శతవార్షికోత్సవ సందర్భమున స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగము)



మేము నలుగురము నర్సులము. మాలో ఇద్దరు రిటైరైనవారు, ఇద్దరు ఇంకను డ్యూటీలో ఉన్నవారు. ఈ నూరేండ్ల పండుగలో ఎవరెవరు దేనిని గూర్చి మాట్లాడవలెనో కమిటీవారు పంచినప్పుడు, మాకు "ఆరోగ్యము" అని ఒక్క మాట ఇచ్చి ఊరుకున్నారు. ఆరోగ్యమంటే సముద్రమంత విషయము. అందుచేత మేము కూర్చుండి ఆలోచించుకొని, ఊపిరి ద్వారా అంటుకొనే జబ్బులను గూర్చి మాత్రమే మాట్లాడుదమని నిశ్చయించుకొన్నాము. జలుబు, ఫ్లూ జ్వరము, నిమ్ము, క్షయ, 2020లో ప్రపంచమంతటిని ఇండ్లలో కూర్చుండబెట్టిన కోవిడ్, ఇవన్నియు దాదాపు ఒకే త్రోవన మన లోపలికి వచ్చునవి. వీటిలో క్షయను గూర్చి మేము కొంచెము ఎక్కువసేపు చెప్పుదుము. ఎందుకో వినుచుండగా మీకే తెలియును.

మన సంఘములు చూచిన ఈ నూరేండ్లలో ఇటువంటి ఉపద్రవములు రెండు వచ్చినవి. మొదటిది 1918వ సంవత్సరపు ఇన్ఫ్లుయెంజా. ఆ సంవత్సరము జూన్ నెలలో బొంబాయి రేవులో కనబడి, రైలు మార్గములవెంట దేశమంతట వ్యాపించినది. మన దేశములో చనిపోయినవారు కోటి ఇరువది లక్షలకు తక్కువ కాదని లెక్క వేసినారు. జనాభా లెక్కలు మొదలైన తరువాత దేశ జనాభా పెరుగక తగ్గిన దశాబ్దము ఒక్కటే, 1911 నుండి 1921 వరకు. రెండవది కోవిడ్; అది మనమందరము చూచినదే, చెప్పనక్కరలేదు. అయితే ఈ రెండింటి నడుమ, డప్పు కొట్టకుండ, వార్తాపత్రికలకెక్కకుండ, ప్రతి సంవత్సరము మన ఇండ్లలోనికి వచ్చిపోవుచున్నది క్షయ. ఈనాటికిని ప్రపంచములో ప్రతి నలుగురు క్షయ రోగులలో సుమారు ఒకరు మన దేశమువారే.

శుభ్రత అనగానే మనవారికి మొదట తోచేది చేతులు కడుగుట. అది మంచిదే. జలుబు చేసినవాడు ముక్కు తుడుచుకొని, ఆ చేతితోనే తలుపు గొళ్ళెము పట్టుకొనును, చంటిబిడ్డ బుగ్గ నిమురును. ఆ బిడ్డ చెయ్యి నోట పెట్టుకొనును. జబ్బు ఇట్లు చేతినుండి చేతికి నడచును. పాకిస్తానులోని కరాచీ నగరములో, పేదల వాడలలో, ఇంటింటికి సబ్బు ఇచ్చి చేతులు కడుగుకొనే అలవాటు నేర్పి ఒక పరిశీలన చేశారు. దాని ఫలితములు 2005లో వెలువడినవి. పిల్లలలో విరేచనములు సగానికి తగ్గుట ఎవరైనా ఊహింపగలిగినదే. కాని నిమ్ము కూడ సగానికి తగ్గినది! పైగా క్రిములను చంపునని చెప్పి అమ్మే ఖరీదైన సబ్బు, మామూలు సబ్బు కంటె ఎక్కువ మేలేమియు చేయలేదు. కాబట్టి టి.వి. ప్రకటన చూచి డబ్బు పారవేయనక్కరలేదు. ఏ సబ్బైనను సరే, నురుగు వచ్చేవరకు, గోళ్ళ సందులలో, వ్రేళ్ళ నడుమ రుద్దవలెను. గిన్నెలో నీళ్ళు పోసి అందరు అందులోనే చేతులు ముంచితే అది కడుగుట కాదు, పంచుకొనుట.

ఇంతవరకు చెప్పినది మీకు తెలిసినదే. ఇక తెలియనట్లు మనమంతా నడచుకొనుచున్న సంగతికి వచ్చుదము. క్షయ చేతుల ద్వారా రాదు. కంచము ద్వారా రాదు, గ్లాసు ద్వారా రాదు, దుప్పటి ద్వారా రాదు. అది గాలిలో వచ్చును.

క్షయకు కారణమైన క్రిమిని కనుగొన్నట్లు రాబర్ట్ కాక్ అనే జర్మను డాక్టరుగారు 1882వ సంవత్సరము మార్చి 24న బెర్లినులో ప్రకటించారు. ఆ క్రిమి ఒకరినుండి మరియొకరికి ఎట్లు చేరుచున్నదో స్పష్టముగా రుజువగుటకు మరి డెబ్బది, ఎనుబది ఏండ్లు పట్టినది. అమెరికాలోని బాల్టిమోర్ నగరములో ఒక ఆసుపత్రిలో, 1956 మొదలుకొని కొన్ని ఏండ్లపాటు, వెల్స్, రైలీ అనువారు ఒక ఏర్పాటు చేశారు. క్రింద క్షయ రోగుల వార్డు. పైన, మేడమీద, బోనులలో గినీ పందులు. ఇవి ఎలుక కంటె పెద్దవి, కుందేలు కంటె చిన్నవి. క్రింది వార్డులోని గాలిని గొట్టములగుండ తీసికొనిపోయి ఆ జంతువులుండే గదిలోనికి వదిలినారు. రోగులు ఆ జంతువులను తాకలేదు, వాటికి మేత పెట్టలేదు, వాటి దరిదాపులకు పోలేదు. అయినను ఆ జంతువులకు క్షయ అంటినది. మరొక గుంపుకు అదే గాలిని అతినీలలోహిత కిరణముల వెలుగులోనుండి పంపగా, ఆ గుంపుకు అంటలేదు.

దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు, పాడినప్పుడు మన నోటినుండి తుంపరలు వచ్చును. పెద్ద తుంపరలు బారెడు దూరములోనే నేలకు రాలిపోవును. మిక్కిలి సన్ననివి మాత్రము ఎండి, కంటికి కనబడకుండ, వంటింటి పొగవలె గదిలో గంటల తరబడి తేలుచుండును. తలుపులు మూసిన గదిలో అవి పోగుపడును. కిటికీ తెరిస్తే కొట్టుకొనిపోవును. కోవిడ్ కూడ ఎక్కువగా ఇట్లే వ్యాపించినదని ఆ రెండు మూడేండ్లలో లోకమునకు అర్థమైనది. ఆరంభములో అందరు బల్లలు తుడిచిరి, కూరగాయలు కడిగిరి, కరెన్సీ నోట్లు ఎండలో ఆరబెట్టిరి. కిటికీల మాట ఆలస్యముగా వచ్చినది.

ఇది ఇట్లుండగా మన ఇండ్లలో ఏమి జరుగుచున్నది? ఇంట్లో ఒకరికి క్షయ అని తెలిసిన దినమే ఆమె కంచము వేరైపోవును. ఎవర్‌సిల్వర్ గ్లాసుకు దారము కట్టి గురుతు పెట్టుదురు. పిల్లలను దగ్గరకు రానివ్వరు. చాప వేరు, చెంబు వేరు. అయితే రాత్రి మాత్రము, చలి అనియు, దోమలనియు, దొంగల భయమనియు, ఉన్న ఒక్క కిటికీ బిగించి ఆ ఒక్క గదిలోనే అందరు పండుకొందురు. రాని దారికి అడ్డుకట్ట వేసి, వచ్చే దారిని బార్లా తెరచి పెట్టుచున్నాము. గదిలోని గాలికి ఆమె ఏ మూలను పండుకొన్నది అను లెక్క ఉండదు.

ఈ కంచము వేరు చేయుట వలన మేలు లేకపోగా కీడు ఉన్నది. దానిని గూర్చి చెప్పుటకే మేము ఈ అవకాశము తీసికొన్నాము. కంచము వేరు చేయుదురని తెలిసిన కోడలు దగ్గు సంగతి చెప్పదు. పెండ్లి సంబంధము చెడునని ఆడపిల్ల తల్లి చెప్పనివ్వదు. ఉద్యోగము పోవునని తండ్రి చెప్పడు. దగ్గు వచ్చినప్పుడు పెరటిలోనికి పోయి దగ్గి వచ్చేవారిని, పైటకొంగు నోట కుక్కుకొని వంట చేయువారిని మేము చూచియున్నాము. మందుల దుకాణములో ఒక సీసా సిరపు, అది అయిపోతే మరియొక సీసా. ఇట్లు మూడు నాలుగు నెలలు గడచును. ఆ మూడు నాలుగు నెలలే అసలు ప్రమాదకాలము. జబ్బు బయటపడి మందు మొదలుపెట్టిన తరువాత కాదు, బయటపడకముందే అది ఇంటిలో పిల్లలకు, పెద్దలకు అంటుచున్నది. బాల్టిమోరులోనే తేలిన సంగతి ఇది: తగిన మందు మొదలుపెట్టినవారి నుండి అంటుట మిక్కిలి తక్కువ. మామూలు మందులకు లొంగే క్షయ అయితే, రెండు వారములు మందు సరిగా మ్రింగిన తరువాత సాధారణముగా ఇతరులకు భయము ఉండదు. మందులకు లొంగని రకమైతే మాత్రము డాక్టరుగారు చెప్పినంత కాలము జాగ్రత్తపడవలెను.

ఈ మాట నమ్మనివారికి మన ప్రక్కనున్న మద్రాసు సంగతి చెప్పవలసియున్నది. 1956లో అక్కడ క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము ఆరంభమైనది. వాలెస్ ఫాక్స్ అను డాక్టరుగారు, మన దేశపు డాక్టర్లు కలిసి పేద రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపును శానటోరియములో పడుకోబెట్టి, మంచి ఆహారము, విశ్రాంతి ఇచ్చి మందులు వాడించారు. రెండవ గుంపుకు అవే మందులిచ్చి వారి ఇండ్లకే పంపించారు. ఇండ్లంటే మేడలు కావు. ఇరుకు గదులు, చాలీచాలని తిండి. ఒక సంవత్సరము తరువాత చూడగా రెండు గుంపులవారికిని దాదాపు సమానముగా నయమైనది. 1959లో ఆ సంగతి ప్రకటించారు. ఆ తరువాత ఐదేండ్లపాటు ఇరువైపుల కుటుంబములను గమనించగా, రోగిని ఇంటిలోనే ఉంచుకొన్నవారికి క్షయ ఎక్కువగా రాలేదని తేలినది. ప్రపంచమంతట శానటోరియములు మెల్లమెల్లగా మూతపడుటకు మన దక్షిణదేశములో జరిగిన ఈ పని ఒక ముఖ్య కారణము. ఒకే కప్పు క్రింద, మందు మ్రింగుచున్న తల్లితో కలిసి భోజనము చేసిన పిల్లలకు, ఆ భోజనము వలన ఏ కీడును కలుగలేదు.

శానటోరియము అన్నాము గనుక ఆరోగ్యవరమును తలంచకుండ పోలేము. మదనపల్లె దగ్గర, కొన్ని మిషనులు కలిసి స్థాపించిన యూనియన్ మిషన్ క్షయ శానటోరియము 1915లో రోగులకు తెరువబడినది. డెన్మార్కు దేశమునుండి వచ్చిన ఫ్రిమాట్ మోలర్ డాక్టరుగారు దాని మొదటి సూపరింటెండెంటు. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిను అను మందు లోకమునకు తెలిసినది 1944లో. మరి ఆ ముప్పది ఏండ్లు ఆ కాలపు శానటోరియములలో ఏమి ఇచ్చినారు? విశ్రాంతి, పాలు, గ్రుడ్లు, గాలి, వెలుతురు. వరండాలలో మంచములు వేసినారు. కఫము ఎక్కడబడితే అక్కడ ఉమ్మక మూతగల డబ్బాలో ఉమ్మి, దానిని కాల్చివేయుట నేర్పినారు. గాలి వలన జబ్బు నయమగునని వారు నమ్మిన నమ్మిక పూర్తిగా నిజము కాదు. కాని ఆ తెరచిన వరండాలలో ఒక రోగినుండి నర్సుకు, ఒక నర్సునుండి మరియొకరికి అంటుట తగ్గినదనుట నిజమే. మన దేశములో బి.సి.జి. టీకాలు 1948లో మొదలైనదియు మదనపల్లెలోనే.

మేము చదివిన మరియొక పరిశీలన ఈ సందర్భమున చెప్పవలెను. దక్షిణ అమెరికాలోని లీమా నగరపు ఆసుపత్రులలో గదుల గాలి గంటకు ఎన్నిసార్లు మారుచున్నదో కొలిచారు. దాని ఫలితములు 2007లో వెలువడినవి. యంత్రములతో గాలి మార్చే క్రొత్త గదులలో గంటకు 12 సార్లు. కిటికీలు, తలుపులు తెరచిన గదులలో సగటున 28 సార్లు. అన్నిటికంటె బాగుగా గాలి ఆడినది ఏ గదులలోనో తెలియునా? 1950కి ముందు కట్టిన పాతకాలపు వార్డులలో, ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు ఉన్నవాటిలో.

ఇది విన్నప్పుడు మాకు మన పాత మిషను గుడులు గుర్తుకు వచ్చినవి. ఎత్తైన పైకప్పు, రెండు వైపుల నిలువెత్తు కిటికీలు, పైన గాలిరంధ్రములు. విద్యుత్తు లేని కాలములో ఉక్కకు భయపడి కట్టినారు. జబ్బులకును అదే పనికివచ్చినది. మరి ఈ ఇరువది ఏండ్లలో మనమేమి చేయుచున్నాము? అందము కొరకు ఫాల్స్ సీలింగు వేసి కప్పును క్రిందికి దించుచున్నాము. మైకు శబ్దము బయటకు పోకుండ అద్దపు తలుపులు పెట్టి బిగించుచున్నాము. ఏ.సి.లు పెట్టుచున్నాము. ఈ మామూలు ఏ.సి. గదిలోని గాలినే చల్లబరచి తిరిగి మనకే ఇచ్చును గాని బయటి గాలిని లోనికి తేదు. చందాలెత్తి మనము కొనుచున్నది ఇది. ఎవరిని నొప్పించుటకు ఈ మాట అనుట లేదు. వేసవిలో ముసలివారు ఉక్కకు సొమ్మసిల్లిపోవుట మేమును చూచితిమి. ఏ.సి. వేసినను ఎదురెదురు కిటికీలు రెండైనా కొంచెము తెరచియుంచిన కరెంటు బిల్లు కొంత పెరుగును, అంతే.

గాయక బృందమువారు ముందు వరుసలో ఉన్నారు గనుక వారికి ప్రత్యేకముగా ఒక మాట. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రములోని మౌంట్ వెర్నన్ అను ఊరిలో, 2020 మార్చి 10న, ఒక గాయక బృందము పాటలు నేర్చుకొనుటకు ఒక చర్చి హాలులో కూడినది. వచ్చినవారు 61 మంది. రెండున్నర గంటలు కలిసియున్నారు. వారు అజాగ్రత్తపరులు కారు. తలుపు దగ్గర చేతులకు శానిటైజరు ఉంచినారు. కౌగిలింతలు, కరచాలనములు మానుకొన్నారు. వారిలో ఒకరికి జలుబువంటి లక్షణములు ఉన్నవి. తరువాతి దినములలో మరి 52 మంది జబ్బుపడిరి, ఇద్దరు చనిపోయిరి. చేతులు శుభ్రముగానే ఉన్నవి. గాలి శుభ్రముగా లేదు. కాబట్టి క్రిస్మస్ పాటల ప్రాక్టీసు వెస్ట్రీ గదిలో తలుపులు వేసికొని కాక, వరండాలోనో వేపచెట్టు క్రిందనో చేయండి. గొంతు పట్టినవారు ఆ వారము పాడకున్నను పాట నిలువదు.

ప్రభురాత్రి భోజనపు గిన్నెను గూర్చి తప్పక అడుగుదురని తెలియును. ఒకే గిన్నెయా, చిన్న చిన్న గిన్నెలా అను తగవు క్రొత్తది కాదు. అమెరికాలో 1890 ప్రాంతములలోనే, క్షయ భయముతోనే, చిన్న గిన్నెలు వచ్చినవి. ఒకే గిన్నె వలన జబ్బు ఒక సంఘమంతట వ్యాపించినట్లు రుజువైన సందర్భము మాకు కనబడలేదు. అయినను జలుబు, జ్వరము ఉన్నవారు ఆ దినము పెదవి తాకించకుండుట మర్యాద. గిన్నె విషయమై కమిటీలలో రెండేసి గంటలు వాదించుకొనువారు, ఆ రెండు గంటలు కూర్చున్న గది కిటికీలు తెరచినారా అని మాత్రము మేము అడుగుచున్నాము.

ఇక ఇంటి సంగతులు. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు అరచేయి అడ్డము పెట్టకండి. చేతిరుమాలో, తువాలో, పైటకొంగో, ఏదియు లేకున్న మోచేతి మడతయో అడ్డము పెట్టండి. ఆ రుమాలు ప్రతిదినము ఉతికి ఎండవేయవలెను. కఫమును గోడవారగా ఉమ్ముట ఎప్పుడును తప్పే. కట్టెలపొయ్యి పొగ పసిపిల్లలకు నిమ్ము తెచ్చును; చంకలో బిడ్డను పెట్టుకొని పొయ్యి ఊదవద్దు. జలుబుకు ఆవిరి పట్టుట హాయిగా ఉండును గాని క్రిమిని చంపదు, కాగుచున్న గిన్నె పిల్లలమీద ఒలికి కాలినవారిని మేము తరచుగా చూచుచున్నాము, అందుచేత చిన్నపిల్లలకు అసలే వద్దు. చక్కెర జబ్బు ఉన్నవారికి క్షయ వచ్చుటకు రెండు మూడు రెట్లు ఎక్కువ అవకాశము ఉన్నది. వారు దగ్గును అశ్రద్ధ చేయకూడదు.

పరామర్శ మన సంఘములో ఉన్న మంచి వాడుక. జబ్బుపడినవారి ఇంటికి పదిమంది కలిసి పోయి, ఒక గదిలో మంచము చుట్టు నిలిచి, ప్రార్థించి, కాఫీ త్రాగి వచ్చుదురు. మానమని మేము చెప్పము. ఇద్దరిద్దరుగా పోండి, వాకిట్లో కూర్చుండండి, మీకే జలుబు ఉంటే ఫోను చేయండి. అట్లే, జ్వరముతో గుడికి వచ్చుట భక్తి అని పొగడవద్దు. హాజరుపట్టీలో ఒక ఆదివారము తప్పిపోయిన పిల్లకు సండే స్కూలు బహుమతి తప్పిపోవు పద్ధతి మార్చవలెనని టీచర్లను వేడుకొనుచున్నాము. ఆ బహుమతి కొరకు ముక్కు కారుచున్న పిల్లలను తల్లులు తీసికొనివచ్చుచున్నారు.

రెండు వారములు దాటిన దగ్గు ఎవరికి ఉన్నను, సాయంత్రపు జ్వరము, బరువు తగ్గుట, కఫములో రక్తపు జీర కనబడినను, కఫము పరీక్ష చేయించవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షయు మందులును ఉచితము. మామూలు క్షయకు ఆరు నెలలు మందు వాడవలెను. రెండు నెలలకే ఒళ్ళు తేలికపడును, అక్కడ మానివేసిన జబ్బు మొండిదై తిరిగి వచ్చును. పోషకాహారము కొరకు ప్రభుత్వము 2018లో నెలకు 500 రూపాయలు ఇచ్చుట మొదలుపెట్టి, 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేసినది. అడుగుటకు సిగ్గుపడవద్దు. క్షయ క్రిమి లోపలికి చేరిన ప్రతివారికి జబ్బు రాదు. నూటికి ఐదునుండి పదిమందికే జీవితకాలములో వచ్చును. వచ్చినవారు పాపము చేసినందున వచ్చినది కాదు, వంశములో ఉన్నందున వచ్చినదియు కాదు. పెండ్లి సంబంధములు చూచే పెద్దలు ఇక్కడ చాలమంది ఉన్నారు. మందు పూర్తిగా వాడి నయమైన పిల్లను క్షయ పిల్ల అని అనకండి. ఒక్క సంబంధము ఆ మాటవలన చెడినదని ఊరిలో తెలిసిన, ఇరువది ఇండ్లలో దగ్గు దాచుకొందురు.

మా నలుగురిలో ఇద్దరము ప్రతి నెల రెండవ ఆదివారము ఆరాధన తరువాత వెస్ట్రీ వరండాలో కూర్చుందుము. దగ్గుతో ఉన్నవారు వచ్చి మాట్లాడవచ్చును. కఫము డబ్బాలు మా దగ్గర ఉండును, పేరు ఎవరికిని చెప్పము. పెద్దలకు ఒక మనవి కూడ ఉన్నది. ఈ హాలుకు పది కిటికీలున్నవి. క్రిందటి సంవత్సరము రంగులు వేసినప్పుడు ఉత్తరపు వైపు నాలుగు రెక్కలు అతుక్కొనిపోయినవి, తెరువబడుట లేదు. వడ్రంగిని పిలిపిస్తే ఒక పూట పని. కూలి మేము ఇచ్చుకొందుము.